జన్యుశాస్త్రం ట్రైనింగ్‌లో టీచర్లతో ఏం చేయిస్తే బాగుంటుంది?

చండూరు బయో టీచర్:

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్‌ని, బయలాజికల్ సైన్స్. పదిహేడేళ్ల సర్వీసు అంతా మునుగోడు, చండూరు, మర్రిగూడ వైపే గడిచింది. ఈసారి మా సబ్జెక్టు ట్రైనింగ్‌కి నన్ను రిసోర్స్ పర్సన్‌గా వేశారు. రెండు రోజులు, నలభై మంది టీచర్లు. అంశం ఆధునిక జన్యుశాస్త్రం, జీనోమిక్స్, అంటే ఒక జీవి డీఎన్‌ఏ మొత్తాన్ని (జీనోంను) చదివి అర్థం చేసుకోవడం. ఆర్డరు చేతికొచ్చినప్పటి నుంచీ నాకు ఒకటే టెన్షన్.

నేను డిగ్రీ పరీక్షలు రాసింది 2001లో. మానవ జీనోం ముసాయిదా బయటికొచ్చిందీ ఆ ఏడాదే. మా పుస్తకాల్లో మాత్రం దాని ఊసు లేదు. మెండెల్, బఠాణీ మొక్కలు, డీఎన్‌ఏ నిచ్చెన బొమ్మ, అంతటితో సరి. మాలో సగం మంది చదువు అక్కడే ఆగింది. తర్వాత జన్యువుల్ని సవరించే క్రిస్పర్ పద్ధతి వచ్చింది, కోవిడ్ టైంలో పీసీఆర్ అన్న మాట ప్రతి ఇంట్లోకీ వచ్చింది. పిల్లలు ఫోన్లలో చూసి ప్రశ్నలు అడుగుతున్నారు. ఇంతకు ముందు ఇదే అంశం మీద ఒక ట్రైనింగ్‌కి వెళ్లాను. ఎక్కడో, ఎవరు పెట్టారో చెప్పను. మూడు రోజులూ స్లైడ్లు వేసి చదివారు, సంతకాలు తీసుకున్నారు, పంపించారు. బడికి తిరిగొచ్చి పిల్లల ముందు నిలబడితే నాలో ఏ మార్పూ లేదు. నా చేతుల మీదుగా ఇంకో నలభై మందికి అదే జరగకూడదని ఈ పోస్టు పెడుతున్నాను.

నాకు జరిగిన ఒక విషయం చెప్తాను. ట్రైనింగ్ గురించి నేనింత పట్టించుకోవడానికి కారణం అదే.

కొన్నేళ్ల కింద పదో తరగతిలో అనువంశికత పాఠం చెప్తూ పిల్లలకు ఇంటి సర్వే ఇచ్చాను. నాలుకను గొట్టంలా మడవగలగడం బహిర్గత లక్షణం (అమ్మానాన్నల్లో ఒకరి నుంచి జన్యువు వచ్చినా బయటపడేది), మడవలేకపోవడం అంతర్గత లక్షణం (ఇద్దరి నుంచీ వస్తేనే బయటపడేది), మీ ఇంట్లో ఎవరికి వస్తుందో రాసుకురండి అన్నాను. నాకు చెప్పిన టీచర్లు అలాగే చెప్పారు, నేనూ అలాగే చెప్పాను. మరుసటి రోజు ఒక అబ్బాయి పట్టిక తెచ్చాడు. అమ్మకు రాదు, నాన్నకు రాదు, వాడికి వస్తుంది. నేను బోర్డు మీద రాసిన సూత్రం ప్రకారం అది కుదరని పని. వెనక బెంచీ నుంచి ఒకడు "అయితే నువ్వు వాళ్లకు పుట్టలేదురా" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆ అబ్బాయి చేతిలో స్కేలు పెట్టి గీసిన పట్టిక ఉంది, గడులు ఎర్ర స్కెచ్‌తో నీటుగా నింపాడు. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత రెండు రోజులు బడికి రాలేదు. మూడో రోజు వాళ్లమ్మ కూలి పని వదులుకుని వచ్చి గేటు దగ్గర నిలబడింది. "ఏం జెప్పిన్రు మేడం మా పిలగానికి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి కూర్చుని వెతికాను. నాలుక మడవడం ఒకే జన్యువు వల్ల వస్తుందని స్టర్టివెంట్ అనే శాస్త్రవేత్త 1940లో రాశాడు. 1952లో ఒకే పోలిక కవలల్ని పరిశీలిస్తే, ఇద్దరిలో ఒకరికి వచ్చి రెండోవారికి రాని జంటలు కనిపించాయి. ఒకే జన్యువులున్న ఇద్దరికి అలా ఉందంటే అది ఒక్క జన్యువు లెక్క కాదు. 1965కల్లా స్టర్టివెంటే తన మాట తప్పని ఒప్పుకున్నాడు. నేనా పాఠం చెప్పేనాటికి ఆ సంగతి తేలి యాభై ఏళ్లు దాటింది. చెవి తమ్మె అతుక్కుని ఉండటం కూడా అలాంటిదే, ఒక జన్యువుతో తేలేది కాదు. బీఈడీలో గానీ, ఏ ట్రైనింగ్‌లో గానీ మాకు ఎవరూ ఇది చెప్పలేదు. మర్నాడు క్లాసులో అందరి ముందూ, నేను చెప్పింది తప్పు, ఆ అబ్బాయి తెచ్చిన పట్టికే సరైనది అని చెప్పాను. వాళ్లింటికి వెళ్లి అమ్మకూ చెప్పాను. కానీ అంతకు ముందు పదేళ్లు ఎంతమంది పిల్లలు అలాంటి పట్టికను మడిచి జేబులో పెట్టుకున్నారో నాకు తెలియదు.

రెండోది మా ప్రాంతం సంగతి. ఇక్కడ ఫ్లోరోసిస్ ఉన్న ఇళ్లు ఎన్నో. ఒక అమ్మాయి వాళ్ల నాయనమ్మకు నడుం వంగిపోయింది, తాతకూ అంతే, నాన్న పళ్లన్నీ గోధుమరంగు చారలు. అనువంశికత పాఠం అయిపోయాక ఆ అమ్మాయి స్టాఫ్‌రూంకి వచ్చి "మేడం, అది నాకూ, నాకు పుట్టే పిల్లలకూ వస్తదా?" అని అడిగింది. మూడు తరాల పటం గీస్తే నిజంగానే వంశపారంపర్యంలా కనిపిస్తుంది. కాదని నాకు తెలుసు, నీళ్లలో ఫ్లోరైడు అని తెలుసు. పదిహేనేళ్ల పిల్లకు నమ్మకం కలిగేలా ఎలా చూపించాలో మాత్రం అప్పట్లో తెలియలేదు.

మా టీచర్లకు ముఖ్యంగా కావాల్సింది ఇదేనని నాకు అనిపిస్తోంది. కొత్త పదాలు పుస్తకం చూసి నేర్చుకోవచ్చు. పాఠం పిల్లవాడి ఇంటిదాకా వెళ్లినప్పుడు ఏం చెప్పాలి, ఏం అడగకూడదు, చేత్తో ఏం చేయించాలి? ల్యాబ్‌లో మైక్రోస్కోపు ఒకటే ఉంది, ఫ్రిజ్ లేదు. రెండు రోజుల్లో మీరైతే ఏం పెడతారు? దయచేసి చేసి చూసినవే చెప్పండి.

గద్వాల సైన్స్ సార్:

మేడం, మీ పోస్టు రెండుసార్లు చదివాను. ఆ నాలుక పాఠం నేనూ చెప్పాను. ఇక చెప్పను.

మా దగ్గర మెండెల్ పాఠానికి ల్యాబ్ అక్కర్లేదు. మాది సీడ్ పత్తి ప్రాంతం. కంపెనీలకు హైబ్రిడ్ విత్తనం చేసిచ్చే రైతులు ఊరూరా ఉన్నారు. చాలామంది పిల్లల అమ్మలు క్రాసింగ్ పనికి పోతారు. ఆ పని ఎలా ఉంటుందో దగ్గరగా చూసినవాళ్లకు మెండెల్ ఎనిమిదేళ్లు మఠం తోటలో ఏం చేశాడో ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

మధ్యాహ్నం తర్వాత ఆడ సాళ్లలోకి దిగుతారు. రేపు విచ్చుకోబోయే మొగ్గ కొంచెం పొడుగ్గా, మీగడ రంగు కొస బయటికి పెట్టి ఉంటుంది. బొటనవేలి గోరు మొగ్గ అడుగున దించి చుట్టూ తిప్పితే రేకులూ, వాటితోపాటు పుప్పొడి సంచుల గొట్టమూ టోపీలా ఊడి వస్తాయి. లోపల సన్నటి కీలం, అంటే పుప్పొడి అందుకునే ఆడ భాగం, ఒక్కటే మిగులుతుంది. గోరు కొంచెం లోతుగా దిగితే కాయ పోతుంది, పైపైన దిగితే పుప్పొడి మిగిలి సెల్ఫ్ అవుతుంది, అంటే తన పుప్పొడితోనే గింజ కడుతుంది. తెల్లారి ఎండ పడ్డాక మగ సాళ్ల నుంచి పువ్వులు కోసుకొచ్చి, ఒక్కో పువ్వును నాలుగైదు కీలాల మీద మెల్లగా రుద్దుతారు. గుర్తుకు దారం కడతారు. ఈ రెండు పూటల పనే పుస్తకంలో 'పరపరాగ సంపర్కం జరిపాడు' అనే ఒక్క ముక్క. మా పిల్లలకు ఆ వాక్యం బట్టీ కొట్టించి, వాళ్ల అమ్మ చేతుల్లో ఉన్న విద్య అదేనని చెప్పకపోవడం నాకు చాలా అన్యాయంగా అనిపించేది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ పనికి ఆడపిల్లల్ని బడి మాన్పించి తీసుకెళ్లిన రోజులున్నాయి, ఇంకా పూర్తిగా పోలేదు. అందుకే పిల్లల్ని ఎవరినీ "నీకు ఈ పని వచ్చా" అని అడగను. క్రాసింగ్ చేసే ఒక అమ్మను బడికి పిలుస్తాను. ఆమె చేసి చూపిస్తుంది, నేను పక్కన నిలబడి బోర్డు మీద రాస్తాను. ఆ రోజు టీచరు ఆమే.

తర్వాత పిల్లల్ని ఒక ప్రశ్న అడుగుతాను: హైబ్రిడ్ పత్తి గింజలు దాచి మళ్లీ వేస్తే ఏమైతది? ప్రతి రైతు బిడ్డకూ జవాబు తెలుసు, పైరు ఒక్కతీరుగ రాదు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, కాయ తగ్గుతుంది. ఎందుకు అన్నదే ఎఫ్2 తరం, అంటే హైబ్రిడ్ మొక్కల గింజల నుంచి వచ్చే తరం. విషమయుగ్మజం (ఒక లక్షణానికి రెండు వేర్వేరు జన్యు రూపాలున్నది) నుంచి లక్షణాలు విడిపోవడం. ఏటా విత్తనం ఎందుకు కొనాలో వాళ్లే విప్పి చెప్తారు.

ఆధునికం అంటారా, బీటీ పత్తి 2002 నుంచి మన పొలాల్లోనే ఉంది. నేలలో ఉండే బ్యాక్టీరియా నుంచి తీసిన జన్యువు పత్తిలో పెట్టారు, 2006లో రెండు జన్యువులున్నది వచ్చింది. ఆ ప్రొటీన్ తిన్న కాయతొలిచే పురుగు చచ్చేది. ఇప్పుడు గులాబీ రంగు పురుగు చావట్లేదు. ప్యాకెట్‌తో పాటు బీటీ కాని విత్తనం చిన్న సంచి ఇచ్చేవారు, పొలం చుట్టూ వేయమని. చాలామంది పారేశారు, మా నాన్న కూడా. ఆ సాళ్లు ఎందుకు వేయమన్నారో రైతుకు ఎవరూ విడమర్చి చెప్పలేదు. వాటి మీద బతికిన మామూలు పురుగులు, బీటీని తట్టుకున్న పురుగులతో జతకడితే తట్టుకునే గుణం ఆ సంతానంలో అంత తొందరగా పాతుకుపోదు. జన్యువు, సహజ ఎంపిక, రైతు నష్టం, మూడూ ఒకే కథలో ఉన్నాయి. మీ ట్రైనింగ్‌లో దీనికి ఒక పూట ఇవ్వండి.

దేవరకొండ లెక్కల టీచర్:

నేను బయాలజీ కాదు. కానీ మా బడిలో బయో మేడంతో కలిసి చేసిన పని ఒకటి చెప్తాను.

అష్టాచెమ్మాకు చింతగింజల్ని నేల మీద అరగదీసి పందేలు చేసుకుంటాం కదా, ఒక పక్క ముదురు గోధుమ, ఒక పక్క తెలుపు. అదే గింజ ఒక విషమయుగ్మజం. ఇద్దరు పిల్లలు ఎదురెదురు కూర్చుంటారు, ఒకరు అమ్మ, ఒకరు నాన్న, చెరొక గింజ వేస్తారు. రెండూ తెలుపు పడితే అంతర్గత లక్షణం బయటపడినట్టు. ముందు ఒక్కో గింజను వందసార్లు వేయించాలి. అరగదీసిన తీరును బట్టి కొన్ని ఒకే పక్కకు ఎక్కువ పడతాయి, వాటిని తీసేయాలి. ఈ పరీక్ష వదిలేస్తే మిగతాదంతా తప్పుతుంది.

తర్వాత నాలుగేసి పందేలను ఒక కుటుంబంగా రాయించండి. పుస్తకంలో 3:1 అని చూసిన పిల్లలు ప్రతి కుటుంబంలో ముగ్గురు, ఒకరు ఉంటారనుకుంటారు. లెక్క వేస్తే వంద కుటుంబాల్లో దాదాపు 42 మాత్రమే అలా వస్తాయి. 32 కుటుంబాల్లో ఒక్కరికీ రాదు. మిగతా వాటిలో ఇద్దరికో, ముగ్గురికో, అరుదుగా నలుగురికీ వస్తుంది. క్లాసు మొత్తం పందేలు కలిపితే మాత్రం 3:1 దగ్గరికి చేరుతుంది. మెండెల్ లెక్కపెట్టిన గుండ్రటి గింజలు 5,474, ముడతలవి 1,850. నిష్పత్తి 2.96. ఆయన నలభై గింజలతో ఆగి ఉంటే ఏమీ తేలేది కాదు.

మిర్యాలగూడ నుంచి, ఇప్పుడు హైదరాబాద్ ల్యాబ్‌లో:

మేడం, నేను మీలాంటి ఒక టీచరు దగ్గరే చదువుకుని ఈ పనిలోకి వచ్చాను. పీసీఆర్ నా రోజువారీ పని, కాబట్టి దాని గురించి చెప్తాను.

పీసీఆర్‌ని కోవిడ్ నుంచి మొదలుపెట్టండి. మీ ట్రైనింగ్‌కి వచ్చే నలభై మందీ ముక్కులో పుల్ల పెట్టించుకున్నవాళ్లే. సీటీ వాల్యూ అన్న మాట అందరూ విన్నారు. అది ఏమిటంటే, డీఎన్‌ఏ ముక్కను వేడి చేసి విడదీసి, చల్లార్చి, జత కట్టించి రెండింతలు చేస్తారు. ఇదొక చుట్టు. ఒకటి రెండు, రెండు నాలుగు. ముప్ఫై చుట్లకు ఒక్క ముక్క 107 కోట్లు దాటుతుంది. యంత్రానికి కనిపించేంత మొత్తం ఎన్నో చుట్టుకు వచ్చిందో అదే సీటీ. 18 అంటే వైరస్ ఎక్కువ, 33 అంటే తక్కువ. కరోనా వైరస్ జన్యువు ఆర్‌ఎన్‌ఏ కాబట్టి ముందు దాన్ని డీఎన్‌ఏగా మార్చుకుంటారు, పేరులో ముందుండే ఆర్‌టీ అదే. ఒక కాగితాన్ని మడుస్తూ పోతే ఎన్ని పొరలవుతాయో చేయించినా చాలు, పిల్లలకు రెండింతల బలం తెలుస్తుంది.

జీనోం సైజు చెప్పేటప్పుడు సున్నాలు రాయకండి. మనిషి జీనోం సుమారు 300 కోట్ల అక్షరాలు. సెకనుకు ఒక అక్షరం చొప్పున, తిండీ నిద్రా లేకుండా చదివితే 95 ఏళ్లు పడుతుంది. కరోనా వైరస్‌ది సుమారు 30 వేలు, ఎనిమిదిన్నర గంటల్లో అయిపోతుంది. ప్రొటీన్లు తయారుచేసే జన్యువులు మనలో 20 వేల వరకే. 1990లో మొదలైన మానవ జీనోం ప్రాజెక్టు 2003లో పూర్తయిందని ప్రకటించారు. కానీ చదవలేక వదిలేసిన ఖాళీలు నిండింది 2022లో. మన దేశంలో 10 వేల మంది జీనోంలు చదివిన జీనోం ఇండియా సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. అందులో హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీకి కూడా భాగం ఉంది.

లాల్జీ సింగ్ అనే శాస్త్రవేత్త కట్లపాము జాతి పాము డీఎన్‌ఏ మీద చేసిన పని నుంచి అదే సీసీఎంబీలో మన దేశపు డీఎన్‌ఏ వేలిముద్ర పద్ధతి పుట్టింది. పిల్లలు నోరు తెరుచుకుని వినే కథ ఇది. వాళ్లు ఓపెన్ డే పెట్టినప్పుడు బడి పిల్లల్ని లోపలికి రానిస్తారు, దాని మాతృసంస్థ సీఎస్‌ఐఆర్ స్థాపక దినం సెప్టెంబరు 26 చుట్టుపక్కల కనుక్కోండి.

ఇంకొకటి మా ఊరి మిల్లుల సంగతి. సాంబ మసూరి, అదే బీపీటీ 5204, మన కంచాల్లో ఉండే సన్నబియ్యం. దానికి బ్యాక్టీరియా ఎండాకు తెగులు పెద్ద బెడద. సీసీఎంబీ, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి తెగులును తట్టుకునే మూడు జన్యువులను అందులోకి తెచ్చి 2008లో విడుదల చేయించాయి. ఇది జీఎం (జన్యుమార్పిడి) పంట కాదు. మామూలు సంకరణమే. కాకపోతే ఏ మొక్కలోకి కావాల్సిన జన్యువు వచ్చిందో డీఎన్‌ఏ గుర్తులు చూసి ఏరుకున్నారు. 2025 మేలో అదే రాజేంద్రనగర్ సంస్థ ఇదే సాంబ మసూరిలో ఒక జన్యువును క్రిస్పర్‌తో సవరించి కమల అనే రకం ప్రకటించింది. వెన్నుకు గింజలు పెరుగుతాయి, పంట సుమారు 20 రోజులు ముందే కోతకొస్తుంది. సంకరణం, గుర్తులతో ఎంపిక, జన్యు సవరణ. ఒకే బియ్యం మీద మూడు పద్ధతులూ చెప్పొచ్చు. బీటీ పత్తితో పోలిస్తే తేడా కూడా తేలిగ్గా పట్టుబడుతుంది: పత్తిలోకి వేరే జీవి జన్యువు వచ్చింది, కమలలో ఉన్న జన్యువునే దిద్దారు.

ఫ్లోరోసిస్ ప్రశ్నకు నాకు తోచింది: ఆ వంశవృక్షంలో కోడళ్లను చూడమనండి. బయటి ఊరి నుంచి, వేరే వంశం నుంచి వచ్చిన కోడలికి కూడా ఇరవై ఏళ్లు అదే బోరు నీళ్లు తాగాక నడుం పట్టేసిందా? జన్యువు అయితే ఆమెకు రాకూడదు కదా.

పాలమూరు రిటైర్డ్ లెక్చరర్:

టీచర్లకు పాఠాలు చెప్పి ఇరవై ఏళ్లు గడిపినవాణ్ణి. అమ్మా, ఒక్క మాట. మొదటి రోజు మొదటి గంటలో మీరు మాట్లాడకండి. వాళ్ల చేతికి పని ఇవ్వండి.

అరటిపండు డీఎన్‌ఏ చేయించండి. సగం పండు కవర్లో వేసి బాగా పిసకాలి. అర గ్లాసు నీళ్లలో చెంచా గిన్నెలు తోమే లిక్విడ్, పావు చెంచా ఉప్పు కలిపి అందులో పోయాలి. నురగ రాకుండా మెల్లగా కలిపి పది నిమిషాలు ఉంచి, పాత పంచె గుడ్డలో వడగట్టాలి. వచ్చిన రసం పరీక్షనాళికలో మూడో వంతు పోసి, గొట్టం వంచి, అంచు వెంట చల్లటి స్పిరిట్ జారవిడవాలి. మెడికల్ షాపులో దొరికే స్పిరిట్ చాలు. ఫ్రిజ్ లేదన్నారు, కూల్‌డ్రింకు కొట్టులో ఐసు తెచ్చి అందులో సీసా గంట సేపు పెట్టండి. దగ్గర్లో మంట ఉండకూడదు. ఐదు నిమిషాల్లో రెండు పొరల మధ్య తెల్లటి పోగులు లేస్తాయి. చీపురు పుల్లకు చుట్టుకుంటాయి.

నలభై మందిలో పదిమందికి రాదు. స్పిరిట్ చల్లగా లేకనో, దబాలున పోసో. అక్కడే అసలు ట్రైనింగ్ ఉంది. ఎందుకు రాలేదో వాళ్లే తేల్చాలి. లిక్విడ్ ఏం చేసింది? కణత్వచంలోని కొవ్వును కరిగించింది. ఉప్పు ఏం చేసింది? డీఎన్‌ఏకున్న రుణావేశాన్ని అణిచి ముద్ద కట్టనిచ్చింది. స్పిరిట్‌లో అది కరగదు కాబట్టి పైకి తేలింది. పండు లేకుండా మిగతావన్నీ కలిపిన ఒక గొట్టం పక్కన పెట్టడం మరవొద్దు, అది లేకపోతే సబ్బు నురగను చూసి డీఎన్‌ఏ అనుకుంటారు. పోగుల్లో ప్రొటీన్లు, పండులోని జిగురు కూడా కలిసి ఉంటాయని పిల్లలకు నిజం చెప్పాలి.

అమెరికాలో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ అనే పరిశోధన సంస్థ వాళ్లు 1988లోనే బడిపిల్లల కోసం, టీచర్ల కోసం డీఎన్‌ఏ లెర్నింగ్ సెంటర్ తెరిచారు. అక్కడా పద్ధతి ఇదే, టీచరు ముందు తన చేత్తో చేయాలి. ఏప్రిల్ 25న వాళ్లు డీఎన్‌ఏ దినం జరుపుకుంటారు, 1953లో జంట మెలిక నిర్మాణం అచ్చయిన రోజు అది. మనకప్పుడు బడులకు సెలవులు, కాబట్టి రోజు గురించి పట్టించుకోకండి, పని గురించి పట్టించుకోండి.

అచ్చంపేట నాన్న:

నేను టీచరును కాదు. తలసేమియా, అంటే రక్తం సరిగా తయారుకాని పుట్టు జబ్బు, ఉన్న పిల్లలు నాకు ఇద్దరు. మాది మేనరికం, మా అక్క బిడ్డనే చేసుకున్నాను.

పెద్దబాబుకు ఏడాది లోపే తెలిసింది. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. రెండో కాన్పు ముందు మావాళ్లందరూ ఒకటే మాట, నలుగురిలో ఒకరికి వస్తుందంట, మీకు ఆ ఒకరు అయిపోయారు, ఇక మిగతా ముగ్గురికీ భయం లేదు అని. నేనూ నమ్మాను. పైన దేవరకొండ సార్ చెప్పిన చింతగింజల లెక్క చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ప్రతి కాన్పుకూ మళ్లీ కొత్తగా గింజలు వేయడమే అని మాకు ఎవరూ చెప్పలేదు.

పదో తరగతిలో నేను ఆ నాలుగు గడుల పట్టిక వేశాను, మార్కులు కూడా పూర్తిగా వచ్చాయి. టీ టీ, పొడుగు పొట్టి. అది మొక్కల లెక్క అనుకున్నాను. నా ఇంట్లోకి వచ్చినప్పుడు గుర్తుపట్టలేదు.

టీచర్లకు ఒకటే అడుగుతున్నాను. పెళ్లికి ముందు గానీ, కడుపుతో ఉన్న తొలి రోజుల్లో గానీ రక్తపరీక్షతో ఇద్దరూ వాహకులా (జబ్బు లేకపోయినా ఆ జన్యువును మోసేవాళ్లా) కాదా తెలుస్తుందని చెప్పండి. హెచ్‌బీఏ2 అని ఒక పరీక్ష ఉంది. వాహకుడు మామూలు మనిషే, జబ్బు మనిషి కాదని కూడా చెప్పండి. కానీ మేనరికం పిల్లల్ని క్లాసులో నిలబెట్టి చెప్పొద్దు. నా పిల్లలు బడికి వెళ్తున్నారు. వాళ్ల ముందు "మేనరికం చేసుకుంటే ఇట్లా పుడతారు" అని ఒకరు అన్నారు. ఇంటికొచ్చి పెద్దోడు "మీరు తప్పు చేసిన్రా నాన్నా?" అని అడిగాడు.

చండూరు బయో టీచర్:

అన్నా, మీ పోస్టు ఫోన్‌లో చదివి ఆ పీరియడ్‌లో ఇంకేమీ చెప్పలేకపోయాను. ట్రైనింగ్‌లో మీ పేరూ ఊరూ లేకుండా దీన్ని చదివి వినిపించడానికి అనుమతి ఇస్తారా? వాహకుడు, సంభావ్యత, మేనరికం, మాట జాగ్రత్త, ఈ నాలుగూ అందులోనే ఉన్నాయి. మేనరికం గురించి నేను ఇలా చెప్పాలనుకుంటున్నాను: పుట్టుకతో వచ్చే లోపాలు మామూలుగా నూటికి రెండు మూడు కాన్పుల్లో ఉంటాయి, బావామరదళ్ల పెళ్లిళ్లలో నాలుగు నుంచి ఆరు. మేనమామ సంబంధంలో రక్తం ఇంకా దగ్గరిది కాబట్టి ఇంకొంచెం ఎక్కువ. అంటే ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. ఎవరి తప్పూ కాదు, ముందుగా పరీక్ష చేయించుకోవాల్సిన విషయం. పిల్లలెవరినీ చేతులెత్తమని అడగకూడదు. ఇంటి సర్వేలు అసలు వద్దు. ఏ లక్షణం చూపించాలన్నా మొక్కల్లో, గింజల్లో చూపిద్దాం.

మిర్యాలగూడ తమ్ముడూ, కోడళ్ల సంగతి చాలా పెద్ద సాయం చేసింది. నిన్న సాయంత్రం ఆ అమ్మాయి చదివిన ఊరికే వెళ్లాను. ఆ నాయనమ్మ పుట్టిల్లు మూసీ కాలువ కింద ఊరట, పెళ్లయి వచ్చాకే ఒళ్లు పట్టేసిందని ఆమే చెప్పింది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడు ఆ బోర్లలో ఎంతో ఎక్కువగా ఉండేది. ఆమె చిన్న మనవడు కృష్ణా నీళ్లు వచ్చాక పుట్టాడు, పళ్లు తెల్లగా ఉన్నాయి. అదే వంశం, అదే ఇల్లు, నీళ్లు మారాయి. ఆ ఇంటి పటం పేర్లు లేకుండా గీసి టీచర్ల ముందు పెడతాను. ఇది వంశపారంపర్యమా కాదా, ఏ ఆధారంతో చెప్తారు అని అడుగుతాను. జవాబు నేను చెప్పను. నల్గొండ టెక్నిక్ అని పటిక, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, అది కూడా అక్కడే చెప్పుకుందాం.

గద్వాల సార్, మీ పోస్టు చదివాకే నాకు ఒకటి తట్టింది. క్రాసింగ్ సాయంత్రం ఒక పూట, తెల్లారి ఒక పూట. ట్రైనింగ్ కూడా రెండు రోజులే. ట్రైనింగ్ జరిగే బడి వెనకాలే పత్తి చేను ఉంది, రైతును అడిగాను, నలభై మొగ్గలు పోయినా ఫర్వాలేదన్నాడు. అరటిపండు పని మొదటి రోజు ఉదయం, లెక్చరర్ గారు చెప్పినట్టే. చింతగింజలు మధ్యాహ్నం. మూడున్నరకు అందరం చేలోకి వెళ్తాం. చూపించడానికి మీ దగ్గరి నుంచి ఒక అమ్మ వస్తుందా? రానుపోను చార్జీలు, రెండు రోజుల కూలి మేము టీచర్లం వేసుకుంటాం.

అచ్చంపేట నాన్న:

చదవండి మేడం. పేరు పెట్టినా నాకేం అభ్యంతరం లేదు, కానీ పిల్లల కోసం వద్దు.

గద్వాల సైన్స్ సార్:

వస్తుంది మేడం, మాట్లాడాను. పన్నెండేళ్లుగా ఈ పని చేస్తోంది. ఆమె రెండు విషయాలు అడిగింది. చేను తెల్లారి తడిగా ఉంటే పుప్పొడి అంటదు, కాబట్టి వాన పడితే ఎండ వచ్చేదాకా ఆగాలంటుంది. రెండోది, టీచర్లు గోళ్లు కత్తిరించుకుని రావొద్దంట. బొటనవేలి గోరు కొంచెం ఉండాలి.